ఆటో ఛార్జీతో మొదలుపెట్టు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఒడియా మాధ్యమంలో చదువుకునే మన పిల్లలకు ఇంట్లో తెలుగులో బీజగణితం చెప్పే పుస్తకం ఒకటి ఉండాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. పుస్తకం మాత్రం ఇంకా నచ్చలేదు. కోపం తెచ్చుకోకుండా చదువు.

నీ మొదటి వాక్యం చూడు: ‘ప్రమేయము అనగా ఒక సమితిలోని ప్రతి మూలకమును వేరొక సమితిలోని ఏకైక మూలకముతో జతపరచు సంబంధము.’ తప్పేమీ లేదు, పరీక్షలో రాస్తే మార్కులన్నీ వస్తాయి. కానీ నీ పాఠకుడికి పద్నాలుగేళ్లు. వాడికి తెలిసిన ప్రమేయం ‘ఇందులో నా ప్రమేయం లేదు’ అని పత్రికల్లో నాయకులు చెప్పుకునే ప్రమేయం. గణితంలోని ప్రమేయానికి (ఇంగ్లీషులో ఫంక్షన్) బడిలో వాడు వినే ఒడియా మాట ఫలన. అందులో ఫలం ఉంది కాబట్టి, ఏదో ఇస్తే ఏదో వస్తుందని సగం అర్థం అక్కడే తెలిసిపోతుంది. ఆ మాటను పలకరించి, అక్కడినుంచి మన ప్రమేయానికి తీసుకురా. నిర్వచనం పదో పేజీలో పెట్టు. ఇక ఆ ‘అనగా’ల సంగతి. వాడుక భాష కోసం పండితులతో తలపడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరినుంచి రాస్తున్నాను, వాటిని చూసి ఊరుకోవడం నా వల్ల కాదు.

ఆ తర్వాత నువ్వు పిండిమర తెచ్చావు. బియ్యం పోస్తే పిండి వస్తుంది, అలాగే ఎక్స్ ఇస్తే ఎఫ్(ఎక్స్) వస్తుంది అన్నావు. అందరూ తెచ్చే పోలికే. దానితో నాకున్న పేచీ ఏమిటంటే, మర లోపల ఏం జరుగుతోందో కనబడదు. మనం చూపించాల్సిందేమో సరిగ్గా అదే.

ఆటో ఎక్కించు. ఎక్కినందుకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 8 రూపాయలు అనుకుందాం. (మన ఆటోవాళ్ల అసలు లెక్క ఏ బీజగణితానికీ అందదు, అది వేరే సంగతి.) ఈ నియమానికి ఛార్జీలోంచి ‘ఛా’ అని, దూరానికి కిలోమీటర్లలోంచి ‘కి’ అని పేర్లు పెట్టు: ఛా(కి) = 8కి + 20. ఇలా రాస్తే నవ్వుతారేమోనని జంకకు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్, అంటే ‘ఎంతో అంత’ అని పిలిచి, పొట్టిగా ‘యా’ అని రాసుకున్నాడు. ఇంకో రాశి వస్తే కాలకం ‘కా’, ఆపైన నీలకం ‘నీ’. ఎఫ్ పక్కన కుండలీకరణాలు పెట్టే రాత ఆయిలర్ అనే గణితవేత్త 1734లో వాడింది. ‘ఛా’తో చెయ్యి తిరిగాక పిల్లవాడిని ఎఫ్(ఎక్స్) దగ్గరికి పంపు. అప్పుడు ఎఫ్ అనేది నియమం పేరేనని, దానితో ఎక్స్‌ను గుణించడం లేదని వాడికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ‘ఛా’ను కిలోమీటర్లతో ఎవరు గుణిస్తారు?

ఇప్పుడు ఆ ఆటోను వదలకు, అధ్యాయమంతా దానిలోనే తిప్పు. ఛా(5) అంటే 40 + 20, అరవై రూపాయలు. ఛా(6) ఎంత? 68. ఛా(5) + 1 ఎంత? 61. ఒక కిలోమీటరు ఎక్కువ వెళ్లడం వేరు, ఒక రూపాయి ఎక్కువ ఇవ్వడం వేరు. ఇంటర్ పిల్లలు కూడా ఎఫ్(ఎక్స్ + 1), ఎఫ్(ఎక్స్) + 1 ఒకటే అనుకుని బోల్తా పడే చోటు ఇదే. అలాగే ఛా(10) వంద రూపాయలే గానీ 2ఛా(5) నూట ఇరవై. దారిలో దిగి ఇంకో ఆటో ఎక్కితే ఆ మొదటి 20 మళ్లీ కట్టాలి కదా. ఛా(100) అంటే వంద కిలోమీటర్లకు అయ్యే 820 రూపాయలు. ఛా(కి) = 100 అంటే జేబులో ఉన్న వందతో ఎంత దూరం పోవచ్చనే ప్రశ్న, జవాబు 10. ఛా(−3) కూడా చేయించు. −4 వస్తుంది, అంటే ఆటోవాడే మనకు నాలుగు రూపాయలు ఇవ్వాలి. పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే, ‘కి’ ఏయే విలువలు తీసుకోవచ్చో వాటన్నిటినీ కలిపి ప్రదేశం అంటారని చెప్పు. సరిహద్దు జిల్లావాళ్లం, ప్రదేశం హద్దు మనకు ఒకరు నేర్పాలా?

అసలు చిక్కు ప్రతిక్షేపణలో, అంటే అక్షరం ఉన్నచోట దాని విలువ పెట్టడంలో ఉంది. దానికి నువ్వు అర పేజీ ఇచ్చావు, నాలుగు పేజీలు ఇవ్వు. ఎక్స్ = 5 అయితే 3ఎక్స్ ఎంత అంటే 35 అని రాసే పిల్లలను ఏళ్ల తరబడి చూశాను. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కారు. ఎక్స్ పోయింది, 5 వచ్చి 3 పక్కన కూర్చుంది, అంతే. మూడుకూ ఎక్స్‌కూ మధ్య కనబడని గుణకారం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడ నాకు ఉపయోగపడింది మన వ్యాకరణం. ‘మా + అమ్మ’ మాయమ్మ అయినప్పుడు య వచ్చి మధ్యలో చేరుతుంది, ఎవరినీ లేవగొట్టదు. అది ఆగమం. ‘రారు + కదా’ రారుగదా అయినప్పుడు క పోయి ఆ చోట గ కూర్చుంటుంది. అది ఆదేశం. ఆగమం మిత్రుడిలా వస్తుందని, ఆదేశం శత్రువులా వస్తుందని పెద్దలు చెప్పారు. ప్రతిక్షేపణ ఆదేశం. ఎక్స్ ఎన్నిచోట్ల ఉంటే అన్నిచోట్లా దాన్ని లేవగొట్టి విలువ ఎక్కాలి. ఎక్కేటప్పుడు తన గుర్తును కూడా వెంటబెట్టుకుని, కుండలీకరణాల్లో ఎక్కాలి. సంధి పాఠం మన పిల్లల్లో చాలామంది బడిలో చదవరని తెలుసు. అయినా ‘మాయమ్మ’ అనడం అందరికీ వచ్చు, అక్కడినుంచి లాగు.

కుండలీకరణాల మాట ఊరికే అనలేదు. పదకొండో పేజీలో ఎఫ్(ఎక్స్) = ఎక్స్² − 3ఎక్స్ అని ఇచ్చి, ఎఫ్(−2) విలువ −10 అని రాశావు. ముందు ఖాళీ కుండలీకరణాలు పెట్టుకో: ( )² − 3( ). రెండింటిలోనూ −2 వెయ్యి. మొదటిది (−2)², అంటే 4. రెండోది −3(−2), అంటే +6. మొత్తం 10. నువ్వు −2²ను −4 చేసి, రెండోచోట ఋణ గుర్తును దారిలోనే పారేసుకున్నావు. ఆ తప్పును చెరిపేయకు. నీ తప్పుగానే పుస్తకంలో అచ్చు వేయించి, పక్కన సరైనది చెయ్యి. నీ పుస్తకం మొత్తంలో పిల్లలు వేలు పెట్టి చూపించుకునే పేజీ అదే అవుతుంది.

భిన్నాల అధ్యాయం బాగుంది, ముట్టుకోకు. బొమ్మలు తగ్గించు. తిరగరాసిన మొదటి పది పేజీలు ముందు మీ వీధిలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఎవరికైనా ఇచ్చి, నువ్వు పక్కన నోరు మెదపకుండా కూర్చో. ఎక్కడ ఆగి నీ మొహం చూసిందో పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ కాగితాలే నాకు పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు