పిల్లల కోర్టులో పనిచేయాలంటే ఏం చదవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న: "మా అమ్మాయి ప్లస్ టూ ఆర్ట్స్ చదువుతోంది. తప్పు చేసిన పిల్లల సంగతి తోటి పిల్లలే విని నిర్ణయించే కోర్టులు అమెరికాలో ఉన్నాయని చదివి, తానూ ఆ పనే చేస్తానంటోంది. మన దగ్గర అటువంటి ఉద్యోగం ఉందా?"

అమ్మా, ఆ పేరుతో ఉద్యోగం ఇక్కడ లేదు. నిజానికి అక్కడ కూడా పిల్లలకు అది ఉద్యోగం కాదు, స్వచ్ఛంద సేవ. 1983లో టెక్సాస్‌లోని ఒడెస్సాలో మొదలైన టీన్ కోర్టు తరువాతి వాటికి నమూనా అయింది. సాధారణంగా చిన్న తప్పు చేసి, దానిని ముందే ఒప్పుకున్న పిల్లలే ఆ కోర్టుకు వస్తారు కాబట్టి, అక్కడ కూర్చునే హైస్కూలు విద్యార్థులు తప్పు జరిగిందా లేదా అన్నది తేల్చరు. క్షమాపణ లేఖ రాయించాలా, సమాజసేవ చేయించాలా, మరో కేసులో జ్యూరీలో కూర్చోబెట్టాలా అన్నది మాత్రమే నిర్ణయిస్తారు.

మన 2015 నాటి బాల న్యాయ చట్టం ఈ పనిని ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువైనల్ జస్టిస్ బోర్డుకు అప్పగించింది. పిల్లల గుర్తింపు బయటపడకూడదని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతుంది. అందరూ అందరినీ ఎరిగిన మీ ఊరి వంటి చోట తోటి విద్యార్థుల ముందు విచారణ పెడితే ఆ నియమం ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు అనుమానమే. అయితే మీ అమ్మాయికి నచ్చిన అంశం 18వ సెక్షన్‌లో ఉంది: మందలించి ఇంటికి పంపడం, బృంద కౌన్సెలింగ్, సమాజసేవ వంటి ఆదేశాలు బోర్డు ఇవ్వవచ్చు.

అటువంటి ఆదేశానికి ముందు బోర్డు చూసే ముఖ్యమైన కాగితం ప్రొబేషన్ అధికారి రాసే సామాజిక దర్యాప్తు నివేదిక. పిల్లవాడిని తొలిసారి బోర్డు ముందు హాజరుపరచిన నాటి నుంచి 15 రోజుల్లో, అతని ఇల్లు, చదువు, స్నేహాలు, తప్పుకు దారితీసిన పరిస్థితులు తెలుసుకుని అది సమర్పించాలి. మీ అమ్మాయి గురి పెట్టవలసింది ఈ పని మీదే అని నా అభిప్రాయం. తల్లి తెలుగులో చెప్పుకున్న గోడును ఒడియాలో నివేదికగా రాయగలవారు మీ సరిహద్దు జిల్లాల్లో ఎంత అవసరమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికి సాధారణంగా న్యాయశాస్త్రం గాని, సోషల్ వర్క్ గాని చదివి ఉండాలి. న్యాయ విద్యకు ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ రాస్తే కటక్‌లోనూ, విశాఖపట్నం దగ్గరి సబ్బవరంలోనూ ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు రెండింటికీ ప్రయత్నించవచ్చు. డిగ్రీ తరువాత సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎం.ఎస్.డబ్ల్యు. చేయాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం మీకు దగ్గరే. ఈ పని ఉండే జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లోని కొలువులు ఎక్కువగా కాంట్రాక్టువి, జీతమూ పెద్దది కాదు. ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఆమె బడిలో ఒడియా చదవకపోతే మాత్రం ఆలస్యం చేయవద్దు. ఒడిశా ప్రభుత్వ కొలువులకు ఏడో తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత అడుగుతారు కనుక, క్లాట్ శిక్షణ కంటే ముందు ఆ పరీక్ష సంగతి చూడండి.