ఆల్బమ్ తీయండి, ఎఫ్‌డీ మాత్రం కదిలించకండి

ప్రశ్న: డర్బన్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ బ్యాంకులో 3,20,000 రాండ్లు ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 30,000. తెలిసిన ఒక మస్కాండి (జులూల జానపద గిటారు సంగీతం) గిటారిస్టు తొలి ఆల్బమ్‌ని నేనే నిర్మించాలనుకుంటున్నాను. పది పాటలు. స్టూడియోకి 90,000, వాద్యకారులకు 60,000, మిక్సింగ్, మాస్టరింగ్‌కి 40,000, వీడియోకి 60,000 అనుకున్నాం. విజయవాడలో తొమ్మిది నెలల కిందట వేసిన ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) ఎఫ్‌డీ ఉంది. అది తీసేయనా? పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?

జవాబు: తిరిగి రాకపోవచ్చు. అలా అనుకునే దిగండి.

ముందు ఎఫ్‌డీ సంగతి. ఏడాది నిండకుండా తీస్తే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌పై పైసా వడ్డీ రాదు. మూడు నెలలు ఆగితే నిండేదాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. ఇక డర్బన్ డబ్బు: ఆరు నెలల ఇంటి ఖర్చు 1,80,000 పక్కన పెడితే మిగిలేది 1,40,000. మీ హద్దు అదే. మీరు అనుకున్న 2,50,000 పెడితే చేతిలో రెండు నెలల ఖర్చుకు కాస్త ఎక్కువ మిగులుతుంది, అంతే.

కాబట్టి ఇప్పటికి ఐదు పాటలే రికార్డు చేయండి. వీడియో వాయిదా వేయండి. మస్కాండి శ్రోతల్లో రేడియోకి ఉన్న పట్టు చిన్నది కాదు, అందులోనూ జులూ భాషా రేడియో ఉఖోజి ఎఫ్‌ఎం అంటే ఎంతో మీకే తెలుసు. గిటారు, కాన్సర్టీనా (చేతి హార్మోనియం లాంటి చిన్న వాద్యం) వాయించేవాళ్లు, వెనక పాడేవాళ్లు ఇంటి దగ్గరే బాగా సాధన చేసి వస్తే స్టూడియో గంటలు తగ్గుతాయి. అయితే పాట మధ్యలో గిటారిస్టు గబగబా చెప్పే వంశ స్తుతి, ఇజిబొంగో, నిడివి కోసం కోయించకండి. వినేవాళ్లు ఎదురుచూసేదే దాని కోసం.

మీ బడ్జెట్‌లో నాకు నచ్చనిది ఒకటుంది: ఆ గిటారిస్టుకి ఎంత ఇస్తారో ఎక్కడా లేదు! ముందు ఆ అంకె వేయండి.

అసలు టెన్షన్ కాగితాల దగ్గర. సోలమన్ లిండా అనే జులూ గాయకుడు 1939లో జొహానెస్‌బర్గ్‌లో 'ఎంబూబే' రికార్డు చేసి, హక్కులు 10 షిల్లింగులకు ఇచ్చేశాడు. పాట ప్రపంచమంతా తిరిగింది, ఆయన 1962లో పేదరికంలోనే పోయాడు. కూతుళ్ల దావాకి రాజీ కుదిరింది 2006లో. మీ ఒప్పందం ఆ దారిలో పోకూడదు.

రచన, స్వరం మీ గిటారిస్టువే. పాటల రచయితలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థలు సామ్రో, కపాసోలలో పాటలు ఆయన పేరుతోనే నమోదు కావాలి, రచయితగా మీ పేరు ఇరికించవద్దు. మాస్టర్ రికార్డింగ్, అంటే స్టూడియోలో తయారైన అసలు రికార్డింగ్, ఇద్దరిదీ సగం సగం. రేడియోలో రికార్డింగ్ మోగినందుకు డబ్బు వసూలు చేసే సాంప్రాలో ఆయన కళాకారుడిగా, మీరు రికార్డింగ్ హక్కుదారుగా చేరండి. రికార్డింగ్ ఆదాయంలో మీ ఖర్చు తీరేదాకా 70 శాతం మీకు, 30 శాతం మొదటి రాండ్ నుంచే ఆయనకు, తర్వాత చెరిసగం అని రాసుకుంటే న్యాయంగా ఉంటుంది. ఈ లెక్కన మీ 1,40,000 చేతికి రావాలంటే రికార్డింగ్ 2,00,000 సంపాదించాలి. కొత్త కళాకారుడికి అది మాటలు కాదు. కచేరీల డబ్బు మాత్రం పూర్తిగా ఆయనదే, అందులో వాటా అడగకండి.

ఒప్పందం జులూలో కూడా రాయించండి. ఆయన తరఫున చదివే లాయర్ వేరే ఉండాలి. ఆ ఫీజు మీరే కట్టండి, 1,40,000 లోపలే.