పాత 440బీఎక్స్ మదర్‌బోర్డులో 256 ఎంబీ ర్యామ్ 128గానే ఎందుకు కనిపిస్తోంది?

ర్యామ్ స్టిక్ పాడైందని అప్పుడే పక్కన పడేయకండి, ముందు దాని మీద నల్ల చిప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎనిమిదే ఉంటే అవి ఒక్కోటి 256 మెగాబిట్ (అంటే 32 ఎంబీ) చిప్‌లు. బోర్డు మీద ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కలిపే ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ 128 మెగాబిట్ చిప్‌ల వరకే గుర్తిస్తుంది కాబట్టి సగమే కనిపిస్తుంది, ఒక్కోసారి బూట్ కూడా అవ్వదు. రెండు వైపులా కలిపి పదహారు చిప్‌లున్న స్టిక్ వెతకండి, ఈ బోర్డుకి అదే సరైనది.

ఇక ఇదే బోర్డులో పెంటియం 3 ప్రాసెసర్ మార్చాక స్క్రీనే రాకపోతే, అది ఏ రకమో చూడండి. పెంటియం 3లో తర్వాత వచ్చిన టువాలటిన్ రకమైతే సాకెట్‌లో చక్కగా కూర్చున్నా పనిచేయదు, దాని వోల్టేజీ, బోర్డుతో మాట్లాడే బస్ సిగ్నల్ వేరు, అడాప్టర్ ఉండాల్సిందే. అంతకుముందు వచ్చిన కాపర్‌మైన్ రకం అయితే బోర్డు 1.8 వోల్టుల కంటే తక్కువ ఇవ్వగలదా, బయోస్ (బోర్డును స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందా చూడండి. పరీక్షించేటప్పుడు ఒక్క ర్యామ్ స్టిక్ మాత్రమే ఉంచండి.