గర్భసంచి తీయించుకునే ముందు: ఆడపడుచుకి వదిన ఉత్తరం

సీతమ్మధార,
విశాఖపట్నం

రమా,

నిన్న ఫోన్లో నువ్వు సగం మాటలు మింగేశావు. పక్కన ఎవరో ఉన్నారని అర్థమై నేనూ రెట్టించలేదు. నెలసరి రెండు నెలలు రాకుండా ఉండి, మూడో నెల పది రోజులైనా ఆగడం లేదన్నావు. దగ్గర్లో చూపించుకుంటే "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, గర్భసంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నారట. ఆపరేషన్‌కి ఇప్పుడే తేదీ ఖాయం చేసుకోకు. ముందు ఇది చదువు.

నీకు 47. మన దేశంలో ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయే వయసు సగటున 46, 47 దగ్గర ఉంటుంది. కాబట్టి నీకు వేళ కాని వేళలో ఏమీ రాలేదు. కాకపోతే అది ఒక్కరోజులో ఆగదు. అంతకు ముందు కొన్నేళ్ళ పాటు అండం ఒక నెల విడుదలవుతుంది, ఒక నెల అవదు. అవని నెలలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారు కాదు, ఈస్ట్రోజన్ అనే ఇంకో హార్మోన్ మాత్రం గర్భసంచి లోపలి పొరని పెంచుకుంటూ పోతుంది. ఆ పొర ఆలస్యంగా, ఎక్కువగా ఊడుతుంది. పది రోజులు అవడానికి మామూలు కారణం ఇదే. మామూలు కారణం అన్నాను, నీదీ అదే అనలేదు. ఫైబ్రాయిడ్ అనే గడ్డ కావచ్చు, పాలిప్ అనే చిన్న కండ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. అరుదుగా ఆ పొరలోనే చెడ్డ మార్పు మొదలై ఉండొచ్చు. ఏదో తేలకుండా కత్తి పట్టుకోవడం ఏం వైద్యం?

మనవాళ్ళకి ఇదొక అలవాటైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మన ఆడవాళ్ళకే మూడు రెట్లు జబ్బులున్నాయా ఏమిటి! అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్ళి, 2023 ఏప్రిల్‌లో తీర్పు కూడా వచ్చింది. ఆపరేషన్ ఎప్పుడూ వద్దని కాదు. కాన్సర్ అని తేలినా, ఫైబ్రాయిడ్లు బాగా పెరిగినా, మందులకి లొంగక ఒంట్లో రక్తం పడిపోతున్నా చేయించుకోవాల్సిందే. కానీ అది చివరి మెట్టు.

నువ్వు చేయాల్సింది రెండో డాక్టరుకి చూపించడం. ఆడవాళ్ళ ఘోషా ఆసుపత్రి అయినా సరే, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గైనిక్ ఓపీ అయినా సరే. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, స్కాన్ ఎలాగూ రాస్తారు. 45 దాటాక ఇలా అవుతుంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం పద్ధతి. బయాప్సీ అన్న మాట వినగానే కాన్సరేనని కంగారు పడకు, అది కాదని తేల్చుకోవడానికే ఎక్కువగా చేస్తారు. ఒకవేళ ఏదైనా తేడా కనిపిస్తే అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. ఏమీ లేదంటే మాత్రలతో గానీ, గర్భసంచిలో పెట్టే, హార్మోన్ విడుదల చేసే లూప్‌తో గానీ చాలామందికి అదుపులోకి వస్తుంది. ఆ లూప్ పెడితే కొన్నేళ్ళు పనిచేస్తుంది, ఈలోగా నెలసరి తనంతట తనే ఆగిపోవచ్చు.

ఎవరైనా ఆపరేషనే అంటే ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగు: "అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా?" "పనిలో పనిగా తీసేశాం" అనే మాట వార్డులో ఎన్నోసార్లు విన్నాను, ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాటిని తీసేస్తే, కొన్నేళ్ళ మీద నెమ్మదిగా తగ్గాల్సిన హార్మోన్ రాత్రికి రాత్రి పడిపోతుంది. ఒంట్లోంచి వేడి పొంగే ఆవిర్లు, నిద్రలేమి ఒక్కసారిగా మీద పడతాయి. చిన్న వయసులో తీసేస్తే ఎముకలకి, గుండెకి నష్టం ఇంకా ఎక్కువ.

ఇక ఆవిర్ల సంగతి. మన ఊరి ఉక్కపోతలో ఏ చెమట దేనిదో తెలియదు, నిజమే. కానీ ఇది ఛాతీ దగ్గర మొదలై మెడకి, మొహానికి పాకుతుంది, కొద్ది నిమిషాల్లో తగ్గి వెనకాలే చలి పుడుతుంది. డిసెంబరు రాత్రి మీవారు దుప్పటి లాక్కుంటుంటే నువ్వు ఫ్యాన్ పెంచుతున్నావంటే అదే. ఈస్ట్రోజన్ తగ్గేసరికి ఒంటి వేడిని సరిచూసే మెదడు భాగం కొంచెం వేడికే కంగారు పడి చెమట పట్టించేస్తుంది. కొందరికి ఏడాదిలో పోతాయి, చాలామందికి ఏళ్ళు పడుతుంది. సాయంత్రం కాఫీ, రాత్రి కారం తగ్గించి చూడు. నూలు బట్టలే కట్టుకో. బరువు నాలుగు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. అయినా నిద్ర కరువైతే హార్మోన్ మందులున్నాయి. 2002లో అమెరికా పరిశోధన ఒకటి బయటికొచ్చాక అందరూ వాటికి భయపడిపోయారు. ఆ లెక్కలు మళ్ళీ చూశాక తెలిసిందేమిటంటే, 60 లోపు, నెలసరి ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెడితే, బాధ ఎక్కువున్నవాళ్ళలో చాలామందికి నష్టం కన్నా లాభమే ఎక్కువ. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళకి, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళకి ఇవ్వరు. అంటే నీ పరీక్షలు తేలేదాకా ఆ ఊసే వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందులు అసలే కావు.

ఇంకొకటి, నేను రాయకపోతే నువ్వు ఎవరినీ అడగవు. ఆ భాగంలో పొడిబారడం, కలిసినప్పుడు మంట, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్ ఇవన్నీ ఈస్ట్రోజన్ తగ్గడం వల్లా వస్తాయి. ఆవిర్లలా వాటంతట అవి తగ్గవు, రానురాను పెరుగుతాయి. పైన రాసుకునే క్రీములున్నాయి, డాక్టరుని అడగడానికి సిగ్గుపడకు. మీవారికీ సంగతి చెప్పు. నాకు అన్నయ్య వరస, నేను చెప్తే బాగోదు. చెప్పకపోతే నీ చిరాకంతా తన మీద కోపమనే అనుకుంటాడు. నిద్ర చాలక వచ్చే విసుగు వేరు. రెండు వారాలు దాటినా దిగులు పోక, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే మాత్రం దాన్ని కూడా వయసు మీదకి నెట్టేయకుండా డాక్టరుకి చెప్పాలి.

ఎముకలు నెలసరి ఆగిన మొదటి ఐదారేళ్ళలోనే వేగంగా గుల్లబారతాయి. చోడి (రాగి) అంబలి తాగుతున్నాను కదా అంటావని తెలుసు. చోళ్ళు మంచివే, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. కానీ గ్లాసు అంబలిలో పిండి 30 గ్రాములుంటే గొప్ప. రోజుకి కావాల్సింది 1000 నుంచి 1200. పాలు, పెరుగు, నువ్వులు, ముళ్ళతో తినే నెత్తళ్ళ చేపలు కూడా ఉండాలి. ఎండు నెత్తళ్ళయితే ఉప్పు చూసుకో, నీకు బీపీ అంచుల్లో ఉంది. పొద్దున్న బీచ్ రోడ్డులో నడవడం మంచిదే, నడకతో పాటు కాస్త బరువులెత్తడం కూడా కావాలి. లీటరు నీళ్ళ సీసాలు రెండు చాలు. గుండె విషయానికొస్తే, ఏడాదికోసారి బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకో. ఆయాసం, దవడ నొప్పి, వీపు మధ్య నొప్పి వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోకు.

ముందు ముందు పన్నెండు నెలలు వరసగా రాకుండా ఉంటే అప్పుడు ఆగిపోయినట్టు లెక్క. ఆ తరవాత ఒక్క చుక్క కనిపించినా అది నెలసరి కాదు. ఇంట్లోవాళ్ళు "వేడి చేసిందిలే" అంటారు, వినకు. ఎక్కువసార్లు పెద్దదేమీ ఉండదు, కానీ గర్భసంచి కాన్సర్ మొదట కనిపించేది అలాగే. ఆ వారంలోనే చూపించుకోవాలి.

పాత స్కాన్ రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టు. ఏ తేదీన మొదలైందో, రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నావో క్యాలెండర్ మీద రాసుకో, డాక్టరు మొదట అడిగేది అదే. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, కళ్ళు తిరుగుతున్నా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. లేదంటే సోమవారం పొద్దున్న బయల్దేరు, నేనూ తోడొస్తాను. షుగర్ పరీక్షకి పరగడుపున ఉండాలి, కాఫీ కూడా తాగకుండా రా.

మీ వదిన