మా బీచ్‌లో ఒక సబ్‌మెరైన్, సముద్రం అడుగున ఇంకొకటి

రెండు దేశాల సరిహద్దు తగవు అగ్రరాజ్యాల యుద్ధంగా ఎలా ముదురుతుంది, ఏం చూసి భయపడాలి అని అడిగారు. నేను పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో. మా ఇంట్లో ఈ ప్రశ్న అమ్మమ్మ చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి అక్కణ్ణుంచే చెప్తాను.

అమ్మమ్మకి కాలం లెక్క అంతా "జపానోడు బాంబులేసిన ఏడు"తోనే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా హార్బరు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. అమ్మమ్మ వాళ్ల నాన్న ఇంటికి తాళం వేసి, ఇత్తడి బిందెలు పెరటి నూతిలో దించేసి, పిల్లల్ని ఎడ్లబండి ఎక్కించి చోడవరం వైపు తీసుకుపోయాడట. "మనం ఆళ్లనేం చేశామురా?" అని ఆవిడ పోయేదాకా అడుగుతూనే ఉంది.

ఆ ప్రశ్నకి జవాబు బీజింగ్ దగ్గర ఉంది. 1937 జులై 7 రాత్రి మార్కోపోలో వంతెన పక్కన జపాన్ దళం విన్యాసాలు చేస్తుంటే ఒక జవాను కనిపించకుండా పోయాడు. కాసేపటికి తిరిగొచ్చేశాడు కూడా. కానీ ఈలోగా ఊళ్లోకి వెళ్లి వెతుకుతామని జపాన్ వాళ్లు, కుదరదని చైనా వాళ్లు పట్టుబట్టారు, కాల్పులు మొదలయ్యాయి. చైనా లొంగలేదు. చైనాకి సరుకు అందే దారులు మూసెయ్యాలని జపాన్ 1940లో ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలోని ఇండోచైనా (ఇప్పటి వియత్నాం, ఆ చుట్టుపక్కల) ఉత్తరానికి దిగింది, మరుసటేడు జులైలో దక్షిణానికీ పాకింది. దాంతో అమెరికా చమురు ఆపేసింది. జపాన్‌కి కావలసిన చమురులో ముప్పాతిక భాగానికి పైగా అమెరికా నుంచే వచ్చేది. నిల్వలు అడుగంటేలోగా డచ్చి వాళ్ల దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా) చమురు చేజిక్కించుకోవాలి, అమెరికా నౌకాదళం అడ్డం రాకూడదు. అందుకని 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకాదళం మీద దాడి. తర్వాత ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్, అండమాన్. ఏప్రిల్‌లో మేము.

ఇందులో తప్పు జపాన్‌దే, దాన్ని తేలిక చెయ్యను. నేను చూపించాలనుకున్నది ఆ వరస. పేకాటలో పోయింది రాబట్టుకోవడానికి ఇల్లు తాకట్టు పెట్టేవాడిలా, ముందు వేసిన అడుగు దండగ కాకూడదని తర్వాతది వేస్తూ పోయారు. తగవు పెరిగేది చాలావరకు ఇలాగే అని నా నమ్మకం.

ఇక 1971. నాన్నకి అప్పుడు పన్నెండేళ్లు. యుద్ధం నడిచినన్నాళ్లూ కిటికీలకి నల్ల కాగితాలు, బళ్ల హెడ్‌లైట్లకి సగం నల్ల రంగు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద మోత వచ్చి ఇంట్లో కిటికీ అద్దాలు గలగలలాడాయట. అది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన మోత. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ల దగ్గరుంది, ఇక్కడే ఉన్నట్టు మన నేవీ నమ్మించింది. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలదీ చెరో మాట.

ఆ ఘాజీని తయారుచేసింది అమెరికా, మొదటి పేరు డయాబ్లో. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద మ్యూజియంగా నిలబెట్టిన మన కుర్సురా సోవియట్ తయారీ. కొట్టుకున్నది ఇండియా, పాకిస్తాన్. ఇనుము మాత్రం ముందునుంచీ పెద్దవాళ్లదే. ఆ ఆగస్టు 9న మనకి సోవియట్‌తో ఒప్పందం కుదిరింది. డిసెంబరులో అమెరికా ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకని బంగాళాఖాతంలోకి పంపింది, సోవియట్ నౌకలు దాని వెంట పడ్డాయి. నాన్న ఈతకి వెళ్లే సముద్రంలో రెండు అగ్రరాజ్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయన్నమాట. అయినా అంటుకోలేదు. పాకిస్తాన్ వైపున్న చైనా కూడా కదల్లేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మర్నాడే పడమటి వైపు కూడా ఇండియా కాల్పులు ఆపేసింది. అక్కడ ఆగకుండా ఇంకో పది రోజులు ముందుకి పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.

భయపడాల్సింది ఏది చూసి అంటే, నేనైతే గడువు చూస్తాను. 1914 జులై 28న ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 4 కల్లా రష్యా, జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ అన్నీ దిగిపోయాయి, అదే మొదటి ప్రపంచ యుద్ధం. సైనికుల్ని ఎక్కించుకునే రైళ్ల టైంటేబుళ్లు ముందే రాసిపెట్టి ఉన్నాయి, ఆగి ఆలోచిస్తే అవతలివాడు ముందు చేరతాడన్న తొందర. నాయకులు అంగుళం కూడా వెనక్కి తగ్గం అని సభల్లో చెప్పేసి, ఆలోచించుకోడానికి గంటలే మిగిలాయంటే పరిస్థితి చెయ్యి దాటుతున్నట్టే.

విశాఖ వస్తే కుర్సురా లోపలికి వెళ్లండి. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులు, నడుం వంచి దూరాలి. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలి. క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద రెండు అగ్రరాజ్యాలూ తగవుపడుతున్న రోజుల్లో, 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర, ఇదే తరగతికి చెందిన బి-59 అనే సోవియట్ సబ్‌మెరైన్ చుట్టూ అమెరికా నౌకలు మూగి, పైకి రమ్మన్నట్టుగా చిన్న పేలుడు గుళ్లు జారవిడిచాయి. లోపల ఊపిరాడని వేడి, మాస్కోతో మాట లేదు, యుద్ధం మొదలైపోయిందో లేదో తెలీదు. దాంట్లో ఒక అణు టార్పెడో ఉంది. దాన్ని సిద్ధం చెయ్యమని కెప్టెన్ అన్నాడనీ, పక్కనున్న ఇంకో అధికారి వసీలీ అర్కిపోవ్ నచ్చజెప్పి పైకి తేల్చేలా ఒప్పించాడనీ అందులో ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు.

పోయినేడు మా పాపని తీసుకెళ్లాను. మధ్య గదిలో పెరిస్కోపు దగ్గర నిలబెట్టి ఈ కథ చెప్తే, "ఆయన ఎక్కడ నించున్నాడు నాన్నా?" అని అడిగింది. ఇద్దరం అక్కడే కాసేపు నిలబడ్డాం. వెనకున్న వాళ్లు దారివ్వమనేదాకా.