హార్మోనియం వైపు సీటు

ప్రశ్న: చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను విశాఖ వన్‌టౌన్‌లోని టౌన్‌హాలుకి నాటకాలకి తీసుకెళ్ళేవారు. కథలేవీ గుర్తులేవు గానీ ఆ రాతి గోడలూ, మెట్లూ, వేషం తీయకుండానే బయటికొచ్చి టీ తాగుతున్న నారదుడూ మాత్రం కళ్ళకు కట్టినట్టున్నాయి. ఇప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. నాటకానికి తీసుకెళ్తానంటే ‘ఫోన్ లేకుండా పది నిమిషాలు కూర్చోదు, దానికి పద్యాలేం అర్థమవుతాయి’ అంటున్నారు మావారు. తీసుకెళ్ళమంటారా, ఇంకొన్నాళ్ళు ఆగమంటారా?
– ఒక పాఠకురాలు, మహారాణిపేట

జవాబు: తీసుకెళ్ళండమ్మా, ఆగొద్దు. మీకైనా అప్పుడు పద్యాలు అర్థమయ్యాయా? అయినా ఇన్నేళ్ళూ నారదుణ్ణి మర్చిపోలేదు. పిల్లలకి ముందు మనుషులు కనబడాలి, కథ తర్వాత వాళ్ళే వెతుక్కుంటారు.

అందుకే వెనక వరసల్లో కూర్చోకండి. త్వరగా వెళ్ళి హార్మోనియం ఉన్న వైపు ముందు వరస పట్టుకోండి. నా చిన్నతనమంతా అక్కడే గడిచింది. పద్యం ఎత్తుకునే ముందు నటుడు ఒక్క క్షణం హార్మోనిస్టు వైపు చూస్తాడు, ఆయన మెట్టు మీద వేలు నొక్కి శ్రుతి అందిస్తాడు, అది అందుకున్నాక ఇక రాగం ఎంతసేపు సాగుతుందో ఇద్దరికీ తెలియదు, జనం చప్పట్లని బట్టి సాగుతుంది. కాటిసీనులో హరిశ్చంద్రుడు ఏడుస్తూ పాడిన పద్యానికి ‘వన్స్ మోర్’ అని అరిస్తే కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచీ అందుకునేవాడు, రెండోసారి ఇంకా బాగా పాడేవాడు. సినిమాలో ఇది దొరకదు. మన కేకకి స్టేజీ మీద మనిషి బదులివ్వడం అనే మాట చాలు, ఏ పిల్లయినా ఫోన్ పక్కన పెడుతుంది.

మొదటిసారే మూడు గంటల నాటకం మాత్రం వద్దు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళు ఎక్కడైనా వేస్తున్నారేమో కనుక్కోండి: గుండెల మీద వేలాడే రేకు తప్పెటల్ని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలు మోగిస్తూ గెంతుతారు, ఒకరి భుజాల మీద ఒకరెక్కుతారు. ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి! డాన్సు ఇష్టమైతే పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రానికి వెళ్తే, ఆ పేరుగలాయన రాసిన కన్యాశుల్కాన్ని 1892లో పక్కనే విజయనగరంలో మొదటిసారి ఆడారని దారిలో చెప్పండి. మన ఊళ్ళ పేర్లు వింటే పిల్లలు చెవి నిక్కిస్తారు.

మధ్యలో నిద్రపోతే పోనివ్వండి, విసుక్కోకండి, ‘ఏం అర్థమైంది’ అని ఇంటికొచ్చాక పరీక్ష పెట్టకండి. ఆట అయ్యాక నిర్వాహకులని అడిగి, వాళ్ళు సరేనంటే, మేకప్ తీసుకునే చోటికి ఓ ఐదు నిమిషాలు తీసుకెళ్ళండి. మీ వారిని కూడా రమ్మనండి.