స్లో జిన్ పెడతానన్నావట, ముందు ఇది చదువు

కన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "అక్కా, వీడు లెస్టర్లో కూర్చుని సారా కాస్తాడట, నువ్వైనా చెప్పు" అని. కాయడం కాదే, కొన్న జిన్‌లో స్లో అనే చిన్న అడవి పళ్ళు నానబెడతాడంతే అని సర్దిచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నువ్వు కూడా ఈ తేడా గుర్తుపెట్టుకో. ఇక్కడ ఇంగ్లండులో లైసెన్సు లేకుండా బట్టీ పెడితే నేరం. షాపులో సీసా కొనుక్కుని అందులో పండు వేసుకుంటే నిన్నెవరూ అడగరు, కాకపోతే దాన్ని అమ్మకూడదు. కంచెల్లో తనంతట తాను పెరిగిన చెట్టు పళ్ళు అమ్మకానికి కాకుండా ఇంటికోసం కోసుకుంటే దొంగతనం కాదని 1968 నాటి థెఫ్ట్ యాక్ట్‌లోనే రాసి ఉంది. అలాగని గేటు దూకి ఎవరి పొలంలోకీ వెళ్ళకు.

నాకైతే భలే సంతోషం వేసింది. మేం 1976లో ఇక్కడికొచ్చాక చాలా ఏళ్ళు ఆసుపత్రి, ఇల్లు, ఇండియన్ షాపు తప్ప ఇంకో దారి తెలియదు. పక్కింటి ముసలావిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఇది బ్లాక్‌థార్న్, ఇది హాథార్న్ అని చూపించేదాకా ఆ కంచెలన్నీ నాకు ఒట్టి ముళ్ళకంపే. నువ్వు వచ్చి ఏడాది తిరక్కుండానే ఆ బ్లాక్‌థార్న్‌కు కాసే స్లో పళ్ళ దాకా వెళ్ళావు.

కానీ ఒరేయ్, నా భయమంతా ఆ ముళ్ళ గురించే. జిన్ గురించి కాదు.

బ్లాక్‌థార్న్ ముల్లు బారుగా, గట్టిగా ఉంటుంది, గుచ్చుకుంటే కొస విరిగి లోపలే ఉండిపోతుంది. మీ పెదనాన్న సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. ఒక అక్టోబరులో మేమిద్దరం స్లోలు కోయడానికి వెళ్ళాం. మంచి పళ్ళన్నీ పొద లోపలే ఉంటాయని ఆయన గ్లవ్స్ తీసేసి మోచేతి దాకా చెయ్యి దూర్చారు. కుడిచేతి చూపుడువేలు, మధ్య కణుపు మీద గుచ్చుకుంది. చిన్న చుక్క రక్తం. నోట్లో పెట్టుకుని చప్పరించి, తుమ్మముళ్ళ మధ్య పెరిగినవాణ్ణి నాకిదో లెక్కా అని మళ్ళీ కోతలో పడ్డారు. ఇంటికొచ్చాక చూపించమంటే చూపించలేదు. కొన్నాళ్ళకు ఆ కణుపు వాచింది. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు, ఎందుకుంటుంది, చెక్కముక్కలాంటిది ఎక్స్‌రేలో కనపడదు. ఆ సంగతి డాక్టర్లం మా ఇద్దరికీ తెలుసు, అయినా రిపోర్టు చూసి ఆయన ధైర్యపడిపోయారు. యాంటీబయాటిక్ వేసుకుంటే వాపు తగ్గడం, ఆపేస్తే మళ్ళీ రావడం. ఆర్థ్రైటిస్ అనీ, వయసనీ ఏదో ఒకటి అనుకుంటూ చలికాలమంతా గడిపేశారు. చివరికి అల్ట్రాసౌండ్ చేస్తే కీలులో ముల్లు కొస కనపడింది. ఆపరేషన్ చేసి తీశారు, నల్లగా, బియ్యపు నూకంత ఉంది. అప్పటికే కీలు పాడైపోయింది. ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా ముడవదు. పొద్దున షర్టు గుండీ పెట్టుకునేటప్పుడు చూడాలి, బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ గుండీ పట్టుకుని, ఆ చూపుడువేలును పక్కకు చాపి, నెమ్మదిగా కాజాలోకి తోస్తారు. నేను సాయం వస్తానంటే కోపం. మత్తు డాక్టరుగా ఎన్ని వేల మందికి ఆ చేత్తో సూది వేశారో.

అందుకని, తోలు గ్లవ్స్ కొను. వంటింట్లో వాడే రబ్బరువి కాదు, తోటపనికి అమ్ముతారు చూడు, మణికట్టు దాటి వచ్చేవి. ఫుల్ చేతుల మందపాటి కోటు వేసుకో. చేతికి అందినవే కోసుకో, లోపలివి పిట్టలకు వదిలెయ్, చలికాలంలో వాటికవే ఆధారం. ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, కొస ఉందేమో వెలుతుర్లో చూసుకో. కణుపు దగ్గర గుచ్చుకుని మర్నాటికి నొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరికెళ్ళి "బ్లాక్‌థార్న్ ముల్లు" అని నోరు తెరిచి చెప్పు. చెప్పకపోతే వాళ్ళకు తట్టకపోవచ్చు. టెటనస్ టీకా సంగతి మీ అమ్మనడిగి కనుక్కుంటాను.

ఇక పండు. నీలంగా, నల్లగా, చిన్న గోలీ అంత ఉంటుంది, పైన బూడిద పూసినట్టుండి వేలితో రుద్దితే పోతుంది. లోపల ఒకటే గట్టి గింజ. కొరికితే నాలుక మొద్దుబారేంత వగరు. కొమ్మకు ముళ్ళుండాలి. నున్నగా నిగనిగలాడుతూ, కింద అయిదు రేకుల ఆకుపచ్చ తొడిమతో, లోపల చిన్న గింజలు చాలా ఉన్న నల్లపండు కనపడితే ముట్టుకోకు, అది బెల్లడోనా. మేం ఆసుపత్రిలో వాడే ఆట్రోపిన్ ఆ జాతి మొక్కల్లోదే, పళ్ళు కొన్ని తింటే చాలు ప్రాణం మీదికొస్తుంది. మొదటిసారి కోసినప్పుడు నోట్లో పెట్టుకోకముందే కొమ్మతో సహా నాకు ఫోటో పంపు.

మిగతా పని సులువు. సెప్టెంబరు చివర్నుంచి నవంబరు దాకా పళ్ళుంటాయి. మొదటి మంచు పడ్డాకే కోయాలని, ఒక్కో పండునూ ఆ చెట్టు ముల్లుతోనే పొడవాలని ఇక్కడి పాతవాళ్ళు అంటారు. నువ్వా పని చెయ్యకు. కడిగి, ఆరబెట్టి, ఒక రాత్రి ఫ్రీజర్లో పెడితే తొక్కలు వాటంతటవే పగులుతాయి. 70 సెంటీలీటర్ల జిన్ సీసాకు 450 గ్రాముల పళ్ళు. 225 గ్రాముల పంచదార వెయ్యమంటారు కానీ నువ్వు ముందు 120 గ్రాములే వెయ్యి, చాలకపోతే వడకట్టాక కలుపుకోవచ్చు, ఎక్కువైన తీపిని తియ్యడం ఎవరివల్లా కాదు. మూత బిగిసే గాజు జాడీ, లీటరున్నరది తీసుకో. పళ్ళు జిన్‌లో మునిగి ఉండాలి. వారం పాటు రోజుకోసారి ఊపు, తర్వాత వారానికోసారి. వెలుతురు తగలని చోట మూడు నెలలు. ఖరీదైన జిన్ దండగ, 37.5 శాతం ఆల్కహాల్ ఉన్న మామూలుది చాలు, కానీ సగం తాగి మిగిలిన సీసాలో నీళ్ళు కలిపి పోసే పని చెయ్యకు.

గింజల్ని చితక్కొట్టకు. నానుతుంటే వాటినుంచి బాదం వాసన వస్తుంది, అదే దీని అందం. కానీ పగిలిన గింజలోంచి సైనైడ్ కూడా వస్తుంది, కాబట్టి మిక్సీ జోలికి పోకు. పళ్ళను నలపకుండా పల్చటి నూలుగుడ్డలో వడకట్టు, పిండకు, పిండితే మడ్డి దిగుతుంది. పిప్పి పారెయ్యకు, గింజలు తీసి చాక్లెట్ కరిగించి అందులో కలిపితే చాలా బాగుంటుంది.

ఇంకొక్క మాట, కోప్పడకు. ఇది తియ్యగా, పండ్లరసంలా గొంతు దిగిపోతుంది, కానీ ఆల్కహాల్ సుమారు 25 శాతం ఉంటుంది. ఒక సీసా అంటే దాదాపు 17 యూనిట్లు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్), ఇక్కడి డాక్టర్లు వారానికి 14 దాటొద్దంటారు. మీ చిన్న మామయ్య మొదట్లో పండగలకే తాగేవాడు. తర్వాత ఏమైందో నువ్వు చూశావు, చిన్నవాడివైనా అన్నీ చూశావు. చదువు టెన్షన్లో, చీకటి సాయంత్రాల్లో, గదిలో ఒక్కడివే ఆ సీసా తియ్యకు. నలుగురొచ్చినప్పుడు చిన్న గ్లాసుల్లో పొయ్యి. అంత ఒంటరిగా అనిపిస్తే రైలెక్కి ఇక్కడికొచ్చెయ్, ముందే చెప్పక్కర్లేదు, నా దగ్గర ఎప్పుడూ గోంగూర పచ్చడి ఉంటుంది.

స్నేహితులకిచ్చే సీసాల మీద అందులో జిన్ ఉందని, ఎప్పుడు పెట్టావో తేదీతో సహా పెద్ద అక్షరాలతో రాయి. మాకొకటి పక్కన పెట్టు. ముందు ఈ శనివారం గ్లవ్స్ కొని, నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ